వాపుకు ముందే పట్టుకోవాలి

కాళ్లకు నీరు దిగాకే కిడ్నీని అనుమానించడం ఇవాళ్టి అలవాటు కాదు, వైద్యశాస్త్రమే అక్కడ మొదలైంది. మూత్రం మీద బుడగలు నిలిస్తే మూత్రపిండాల జబ్బని హిప్పోక్రటీస్ పేరిట ఉన్న సూత్రాల్లో ఉంది కానీ, దాన్ని పరీక్షగా మలిచినవారు లేరు. 1827లో లండన్ గైస్ ఆసుపత్రి వైద్యుడు రిచర్డ్ బ్రైట్ ఒళ్లు ఉబ్బిన రోగుల మూత్రాన్ని చెంచాలో పోసి కొవ్వొత్తి మంట మీద పట్టేవాడు. అది తెల్లసొనలా గడ్డకడితే ప్రొటీన్ పోతున్నట్టు లెక్క. అలాంటివాళ్లు చనిపోయాక కోసి చూస్తే కిడ్నీలు చెడిపోయి ఉండేవి. గడ్డకట్టడాన్ని ఇటలీలో కొటూన్యో అనే వైద్యుడు అంతకుముందే చూశాడు. వాపునూ మూత్రాన్నీ కిడ్నీనీ ముడిపెట్టిన ఘనత మాత్రం బ్రైట్‌ది. అయితే ఆయన చూసినవాళ్లలో చాలామందికి జబ్బు అప్పటికే ముదిరింది.

తర్వాతి చరిత్రంతా జబ్బును పట్టే గుర్తును వాపుకన్నా ముందుకు జరపడమే. 1886లో యాఫే అనే శాస్త్రవేత్త, కిడ్నీలు బయటికి పంపే వ్యర్థమైన క్రియాటినిన్‌ను పట్టే రంగు చర్య కనిపెట్టాడు. 1950లలో మూత్రంలో ముంచే పట్టీలొచ్చాయి. 1982లో అదే గైస్ ఆసుపత్రి నుంచి విబెర్టీ బృందం, పట్టీకి అందనంత కొద్దిపాటి అల్బుమిన్ అనే ప్రొటీన్ కూడా షుగరు రోగుల్లో రాబోయే కిడ్నీ జబ్బును ముందే చెబుతుందని చూపింది.

నురగ, వాపు, నీరసం ఇంట్లోనే తెలుస్తాయి కదా, ల్యాబుకెందుకన్న ప్రశ్న ఉంది. అవి కనిపిస్తే తప్పక చూపించుకోవాలి. కనిపించలేదని మాత్రం ధీమా పడకూడదు. క్రియాటినిన్ సైతం పనితీరు సగం దాకా తగ్గేవరకూ మామూలుగానే ఉండొచ్చు. అందుకే దాన్నుంచి వడపోత వేగాన్ని, అంటే ఈజీఎఫ్ఆర్‌ను, లెక్కగట్టాలి. వయసుతో ఎలాగూ తగ్గే ఆ అంకె చూసి ముసలివాళ్లందరినీ రోగులంటారన్న ఆక్షేపణ సబబైనదే. ఒక్క రిపోర్టుతో తేల్చకుండా, తేడా మూడు నెలలు నిలిస్తేనే జబ్బనాలన్న నియమం అందుకు కొంత అడ్డుకట్ట.

ఈ మొత్తం కథకు ఎదురుతిరిగేది శ్రీకాకుళం ఉద్దానం. కొబ్బరి, జీడితోటల ఆ పల్లెల్లో షుగరు లేకుండానే ఎందరికో కిడ్నీలు పాడయ్యాయి, కారణం ఇంకా తేలలేదు. వాళ్ల మూత్రంలో ప్రొటీన్ తరచు స్వల్పంగానే పోతుంది కాబట్టి, బ్రైట్ చెంచాలో అక్కడ ఏమీ గడ్డకట్టకపోవచ్చు. షుగరు, బీపీ ఉన్నవాళ్లు ఏటా మూత్రంలో అల్బుమిన్, రక్తంలో క్రియాటినిన్ రెండూ చూపించుకోండి. ఉద్దానం వాళ్లయితే షుగరు లేదని ఆగకండి, మూత్రపరీక్ష ఒక్కటే చాలనీ అనుకోకండి.