బొగ్గు బావులు పోసిన కొండలు

ఉత్తర ఫ్రాన్స్‌లో బెల్జియం సరిహద్దుకు ఆనుకుని ఉన్న నేల చదునైనది. గోధుమ, బీట్‌దుంప పండే ఆ పొలాల మధ్య తలెత్తి నిలిచినది ఏదైనా ఉందంటే అది చర్చి శిఖరం కావాలి, లేదా మనుషులు పోసిన గుట్ట కావాలి. ఆ గుట్టలను అక్కడివాళ్లు ‘తెర్రి’ అంటారు. రాతలో చివర ‘ల’ ఉంటుంది కానీ నోట పలకదు. భూగర్భ గనుల నుంచి బొగ్గుతో పాటు పైకొచ్చిన పనికిరాని రాయే తరాల తరబడి పోగుపడి గుట్టలైంది. లాన్స్ పట్టణం పక్కన లోస్-ఆన్-గోయెల్ గ్రామంలోని జంట గుట్టలు సముద్రమట్టానికి 186 మీటర్ల ఎత్తున ఉంటాయి. యూరప్‌లోని అతి ఎత్తయిన తెర్రిలలో వీటిని లెక్కిస్తారు. గని నడిచినన్నాళ్లూ రాతి టబ్బులు ఎక్కిన ఆ వాలు మీదికి ఇప్పుడు కాలిబాట ఉంది.

ఈ ప్రాంతంలో బొగ్గు 1720లో ఫ్రెన్ గ్రామం దగ్గర బయటపడింది. 1734లో అంజాన్‌లో మేలురకం పొరలు దొరికాక తవ్వకం పెద్ద పరిశ్రమగా మారింది. ఆపై వందేళ్లకు, 1840ల తొలి సంవత్సరాల్లో, పడమటి వైపున ఒన్యీ గ్రామంలో ఒక జమీందారీ భవనం తోటలో నీళ్ల కోసం బోరు వేస్తుంటే నీటికి బదులు బొగ్గు తగిలింది. దాంతో గనులు పాదె కలే జిల్లాకూ పాకాయి. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత గనులన్నీ ప్రభుత్వపరమయ్యాయి. అప్పట్లో రెండు లక్షలకు పైగా మనుషులు వాటిమీద బతికారు. చివరి బొగ్గు టబ్బు 1990 డిసెంబరు 21న పైకొచ్చింది. ఆ బావి కూడా ఒన్యీలోదే.

బొగ్గు తీయాలంటే ముందు రాయి తీయాలి. బావి దింపడానికి, పొర దాకా సొరంగం నడపడానికి, కూలిన చోట శుభ్రం చేయడానికి తొలిచినదంతా పైకి రావలసిందే. పైకొచ్చాక కదిలే బెల్టు పక్కన నిలబడి బొగ్గునూ రాయినీ చేత్తో వేరుచేసింది ఎక్కువగా ఆడవాళ్లు, పిల్లలు. ‘కాఫ్యూ’ అని పిలిచే ఆ స్త్రీలు నల్లటి దుమ్ములో, తలకు గుడ్డ బిగించుకుని, రోజంతా అదే పని చేసేవారు. తెర్రిల చరిత్రలో వాళ్ల పేరు అరుదుగా వినిపిస్తుంది. నిజానికి ఆ గుట్టల్లోని రాళ్లలో చాలా భాగం వాళ్ల చేతుల మీదుగా వెళ్లినదే. మొదట్లో రాతిని గుర్రపు బళ్లతో తోలి పరిచేవారు కనుక పాత గుట్టలు పొడవుగా, చదునుగా ఉంటాయి. తర్వాత వాలు పట్టాల మీద టబ్బులను యంత్రంతో లాగి శిఖరం నుంచి కుమ్మరించడం మొదలైంది. అలా పడిన రాయి తనంతట తాను నిలిచే వాలులో స్థిరపడి శంఖాకారపు గుట్ట అయింది. సింగరేణి ప్రాంతపు పాఠకులకు ఓపెన్‌కాస్టుల పక్కన లేచిన ఓబీ గుట్టలు గుర్తుకు రావచ్చు. అయితే అవి బొగ్గు మీది కప్పును తొలగించి పోసినవి. తెర్రిలోని రాయి వందల మీటర్ల లోతున మనుషులు సొరంగాల్లో దూరి తెచ్చినది.

ఆ సొరంగాలకు మూల్యం ఉంది. 1906 మార్చి 10న కూరియేర్ గనుల్లో బొగ్గుధూళి పేలి 1,099 మంది చనిపోయారు. యూరప్ చరిత్రలో అంతటి గని ప్రమాదం మరొకటి లేదు. గనిలో చావు తప్పించుకున్నవాళ్లలో ఎందరినో ఊపిరితిత్తుల్లో పేరుకున్న రాతిధూళి తీసుకుపోయింది. తెర్రి ఎక్కేవాళ్ల పాదాల కింద పలకలుగా విరిగే రాయి ఆ ధూళికి పుట్టిల్లే.

ఆ పలకల్లో ఒకదాన్ని చేతిలోకి తీసుకుని అంచున తడితే కొన్నిసార్లు పొరలుగా విడిపోతుంది. లోపల ఫెర్న్ ఆకు ముద్ర, ఈనెలతో సహా, మెరిసే నలుపులో కనిపిస్తుంది. 30 కోట్ల ఏళ్ల కిందట ఇక్కడ ఉన్న వెచ్చని చిత్తడి అడవిలోని ఆకు అది. అదే అడవి నొక్కుకుపోయి బొగ్గయింది.

చేతి ఏరివేత ఎంత జాగ్రత్తగా చేసినా కొంత బొగ్గు రాతిలో మిగిలిపోయేది. దానితో పాటు పైరైట్ అనే ఇనుప గంధకమూ ఉంటుంది. గాలీ వాననీరూ తగిలితే పైరైట్ వేడెక్కుతుంది, ఆ వేడికి పక్కనున్న బొగ్గు రాజుకుంటుంది. మంట కనిపించదు. గుట్ట గర్భంలో దశాబ్దాల పాటు కుంపటిలా నిప్పు నిలుస్తుంది. కాలిన చోట నల్లరాయి ఇటుక ఎరుపుకు తిరుగుతుంది. చలికాలపు ఉదయాల్లో శిఖరం నుంచి ఆవిరి లేస్తుంది, చుట్టూ మంచు పేరుకున్నా అక్కడ నిలవదు. ఈ వేడి ప్రమాదకరం కూడా. 1975 ఆగస్టులో కలోన్-రికువార్‌లో కాలుతున్న ఒక తెర్రి పేలి, వేడి బూడిదా రాళ్లూ పక్క ఇళ్ల మీద పడి ప్రాణాలు తీశాయి. ఇప్పటికీ లోపల రగులుతున్న గుట్టల్లో కొన్ని భాగాలకు కంచె ఉంది. కంచె దాటకపోవడం ఇక్కడి నడకలో మొదటి నియమం.

మట్టి లేని, నీరు నిలవని, ఎండకు పెనంలా కాలే ఈ వాలు మీద ఏదీ బతకదనిపిస్తుంది. కానీ ఆ కష్టమే కొన్ని జీవులకు చోటిచ్చింది. నలుపు వేడిని పీల్చుకోవడం వల్ల ఉత్తరాది చలిదేశం నడుమ దక్షిణాది వాతావరణపు దీవుల్లా తెర్రిలు తయారయ్యాయి. సముద్రతీరపు గులకరాళ్లలో పెరిగే పసుపు పూల గసగసాల జాతి మొక్క లోస్ గుట్టల మీద పూస్తుంది. డాలు ఆకారపు ఆకులున్న పుల్లకూర ఒకటి పర్వతాలది. గని పైకప్పు కూలకుండా నిలబెట్టే దుంగలతో పాటు దాని విత్తనాలు ఇక్కడికి చేరాయని చెబుతారు. కార్మికులు తిని పారేసిన పండ్ల గింజల నుంచి మొలిచాయనే చెట్లూ అక్కడక్కడ ఉన్నాయి. గుట్ట పాదాన నిలిచే వాననీటి మడుగుల్లో నాటర్‌జాక్ అనే గోదురుకప్ప గుడ్లు పెడుతుంది. అది గెంతడం తక్కువ, ఎలుకలా పరుగెత్తడమే ఎక్కువ. నీలిరెక్కల మిడతను మాత్రం నడిచేవాళ్లు కాళ్ల దగ్గరే చూడవచ్చు. కూర్చున్నప్పుడు అదీ రాతిముక్కే, అదే బూడిద రంగు, అవే మచ్చలు. అడుగు మరీ దగ్గర పడ్డాక ఎగురుతుంది, ఒక్క క్షణం నీలం తళుక్కుమని మళ్లీ రాయిలో కలిసిపోతుంది.

గనులు మూతపడుతున్న రోజుల్లో ఈ గుట్టలు నిలుస్తాయని ఎవరూ అనుకోలేదు. కాలిన ఎర్రరాయి దారులకూ ఆటస్థలాలకూ, నల్లరాయి రహదారుల కట్టలకూ అమ్ముడుపోయింది. మూడు వందలకు పైగా ఉన్న తెర్రిలలో ఇప్పుడు సుమారు రెండు వందలే మిగిలాయి. అవి పోతేనే మేలనుకున్నవాళ్లు గని కుటుంబాల్లోనే చాలామంది ఉన్నారు. మసి, దగ్గు, పేదరికం గుర్తుచేసే దిబ్బను ఇంటి ముందు ఉంచుకోవాలని వాళ్లకెందుకుంటుంది? ఆ కోపం న్యాయమైనదే. కానీ తమ తాతల పనికి వేరే స్మారకం లేదని, గుట్టను తవ్వి అమ్మితే ఆ జీవితాలు రెండోసారి చెరిగిపోతాయని వాదించినవాళ్ల మాటలోనే బలం ఎక్కువ ఉంది. లోస్‌లో ‘షెన్ దె తెర్రి’ అనే సంఘం జనాన్ని గుట్టల మీదికి నడిపించి, మొక్కలనూ రాళ్లనూ చూపించడం మొదలుపెట్టింది. 1990లో ఏర్పడిన ప్రాంతీయ భూసంస్థ గుట్టలను కొని సురక్షితం చేసింది. లోస్‌కు అప్పట్లో మేయరైన జాన్-ఫ్రాన్స్వా కరోన్ ముందుండి నడిపిన ప్రయత్నం ఫలించి, 2012 జూన్ 30న యునెస్కో ఈ గని ప్రాంతాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. అందులో 51 తెర్రిలున్నాయి. 2016లో ఫ్రెంచి ప్రభుత్వం 78 తెర్రిలకు రక్షిత స్థల హోదా ఇచ్చింది.

నడక దారుల్లో ఎక్కువ భాగం కొత్తగా వేసినవి కావు. గని నుంచి గనికి, గని నుంచి కాలువ రేవుకు బొగ్గు మోసిన సొంత రైలు కట్టలను అక్కడ ‘కావలియే’ అంటారు. పట్టాలు తీసేశాక అవే కాలిబాటలయ్యాయి. వాటి మీదుగా ఒక తెర్రి నుంచి మరో తెర్రికి, వరుస ఇళ్ల గని కాలనీల గుండా రోజంతా నడవవచ్చు. ‘నల్ల పిరమిడ్ల పరుగు’ అనే పోటీ ఏటా ఈ దారుల్లోనే జరుగుతుంది. లోస్‌లో ఎక్కుడు ‘11-19’ అనే గని ఆవరణ నుంచి మొదలవుతుంది. 1986లో మూతపడిన ఆ బావుల మీది ఇనుప గోపురం, కాంక్రీటు గోపురం రెండూ నిలిచే ఉన్నాయి. కింది భాగంలో తెల్ల బెరడు భూర్జ చెట్ల నీడ ఉంటుంది. పాత గ్రంథాలు రాసిన భూర్జపత్రాల చెట్టుకు ఇవి దగ్గరి చుట్టాలు. పైకి పోయేకొద్దీ చెట్లు పలచబడి నల్లరాయి, గాలి మిగులుతాయి. పలకలు కాలికింద జారతాయి కాబట్టి గుర్తులు పెట్టిన దారినే పట్టుకోవాలి. అడ్డదారి తొక్కితే ఆ గీత వెంటే వాననీరు కోసుకుపోతుంది. శిఖరం నుంచి మొదటి ప్రపంచ యుద్ధంలో 1915 నాటి లోస్ యుద్ధభూమి, విమీ దిబ్బ మీది కెనడా స్మారకం, ఒక పాత గని స్థలంలో 2012లో తెరిచిన లూవ్ర్-లాన్స్ మ్యూజియం కనిపిస్తాయి.

మిగతా తెర్రిలది తలో దారి. నో-లె-మీన్‌లో ఒకదాని మీద కృత్రిమ స్కీయింగ్ వాలు కట్టారు. అయ్యికూర్‌లో మరోదాని దక్షిణపు వాలున 2011లో ద్రాక్ష నాటారు. షార్దొనే ద్రాక్షతో తీసిన ఆ వైన్‌కు బొగ్గు పేరు కలిపి ‘షార్బొనే’ అని పెట్టారు. ర్యులే గుట్ట వెడల్పయినది, పక్కన చెరువు ఉంది, మేకల పెంపకం, జున్ను తయారీ అక్కడ సాగుతున్నాయి.

ఇప్పుడు సంరక్షకుల ముందున్న చిక్కు పచ్చదనమే. భూర్జ చెట్టు ఆకు రాలుస్తుంది, ఆకు కుళ్లి మట్టవుతుంది, మట్టి మీద గడ్డీ పొదలూ అల్లుకుంటాయి. వాలు చల్లబడితే గసగసాల మొక్కకూ నీలిరెక్కల మిడతకూ కావలసిన ఆ ఎండ నేల దక్కదు. ఎక్కడ అడవిని ఎదగనివ్వాలి, ఎక్కడ నల్లరాయిని నల్లగానే ఉంచాలి అన్నది ఒక్కో గుట్టకు విడిగా తేల్చుకోవాల్సి వస్తోంది. నల్లగా ఉంచాలనుకున్న చోట పిల్ల భూర్జలను నరికేస్తారు, లేదంటే మేకలనూ గొర్రెలనూ తోలి మేపుతారు.