ప్రజల మనిషి (నవల)

‘ప్రజల మనిషి’ వట్టికోట ఆళ్వారుస్వామి రాసిన నవల. 1955లో వెలువడింది. నిజాం ఏలుబడిలో దొరల పెత్తనాన్నీ, దాన్ని ఎదిరించిన పల్లె జనాన్నీ చిత్రించిన ఈ రచనను విమర్శకులు తెలంగాణ నుంచి వచ్చిన తొలి రాజకీయ నవలగా పరిగణిస్తారు.

నేపథ్యం

హైదరాబాదు సంస్థానంలో భూములు ప్రధానంగా మూడు రకాలు: ప్రభుత్వ ఆధీనంలోని దివానీ, జాగీర్లు, నిజాం సొంత ఖర్చులకు కేటాయించిన సర్ఫేఖాస్. రాజధాని చుట్టూ ఉన్న అత్రాఫ్ బల్దా జిల్లా సర్ఫేఖాస్ కిందిది. దేశ్‌ముఖులు, జాగీర్దారుల గ్రామాల్లో వెట్టి, అంటే కూలి లేని నిర్బంధ చాకిరీ, రాజ్యమేలింది. కుమ్మరి కుండలు ఇచ్చుకోవాలి, చాకలి దొర నివాసమైన గడిలో బట్టలుతకాలి, రైతు తన పొలం ఎండుతున్నా ముందు దొర పొలం దున్నాలి. 1930లో జోగిపేటలో తొలి సభ జరుపుకున్న ఆంధ్ర మహాసభ క్రమంగా వెట్టిపై గొంతెత్తింది. 1946 జులై 4న కడవెండిలో ఆంధ్ర మహాసభ కార్యకర్త దొడ్డి కొమరయ్య హత్య తర్వాత ఉద్యమం సాయుధ పోరాటంగా మారి 1951 అక్టోబరు దాకా సాగింది.

రచయిత

నల్లగొండ ప్రాంతంలోని చెరువు మాదారంలో పుట్టిన ఆళ్వారుస్వామి హోటల్లో సర్వరుగా, ‘గోలకొండ పత్రిక’లో ప్రూఫ్ రీడరుగా పనిచేశారు. 1938లో సికింద్రాబాదులో దేశోద్ధారక గ్రంథమాల స్థాపించి, పుస్తకాలను స్వయంగా మోసుకెళ్లి ఇంటింటా అమ్మారు. 1942లో క్విట్ ఇండియా ఉద్యమంలో జైలుకు వెళ్లారు. 1946 నుంచి 1951 వరకు మళ్లీ నిర్బంధంలోనే గడిపారు.

కథావస్తువు

కథ 1930ల నాటిది, అంటే తుపాకులు పట్టక ముందటిది. దిమ్మెగూడెంలో దేశ్‌ముఖ్ రామభూపాలరావు ఆగడాలకు ఎదురు నిలిచిన కంఠీరవం ఇందులో నాయకుడు. వెట్టి, భూముల ఆక్రమణలతో పాటు మతమార్పిడులు, గ్రంథాలయోద్యమం, ఆంధ్ర మహాసభ కార్యక్రమాలు కథలో కలిసిపోయాయి. పోరాటం ఒక్కరోజులో పుట్టలేదని, చదువూ సంఘమూ భయాన్ని మెల్లమెల్లగా పోగొట్టాయని చూపడం ఈ నవల సాధించిన విజయం. పాత్రల మాటల్లో తెలంగాణ నుడికారం, నాటి ఉర్దూ కచేరీ పదాలు సహజంగా వినిపిస్తాయి.

ఇదే వరుసలో

సాయుధ పోరాటంపై మొదటి నవల బొల్లిముంత శివరామకృష్ణ ‘మృత్యుంజయులు’ (1947). అది పోరాటం నడుస్తుండగానే గుంటూరు సీమ రచయిత కలం నుంచి వచ్చింది. మహీధర రామమోహనరావు ‘ఓనమాలు’ (1956) కూడా ఆ పోరాటాన్నే చిత్రించింది. ‘ప్రజల మనిషి’కి కొనసాగింపుగా మొదలుపెట్టిన ‘గంగు’ పూర్తి కాకముందే, 1961 ఫిబ్రవరి 5న ఆళ్వారుస్వామి మరణించారు. అది 1965లో అచ్చయింది. ఆయన వదిలిన దారిలో, స్వయంగా పోరాటంలో పాల్గొన్న దాశరథి రంగాచార్య ‘చిల్లర దేవుళ్లు’ (1969), ‘మోదుగుపూలు’ (1971) రాసి ఆ చరిత్రను ముందుకు తీసుకెళ్లారు.