క్షయ లెక్కలు: మదనపల్లె నుంచి ముక్త్యాల దాకా

తెలుగునాట క్షయరోగుల లెక్కకు శాస్త్రీయమైన పునాది మదనపల్లెలో పడింది. క్రైస్తవ మిషన్లు కలిసి 1912లో మొదలుపెట్టిన శానిటోరియం 1915లో ఊరికి చేరువలోని ఆరోగ్యవరానికి చేరగా, డెన్మార్కు వైద్యుడు క్రిస్టియన్ ఫ్రిమోట్ మోలర్ దాన్ని పెంచి పెద్దచేశారు. ఆయన కుమారుడు యోహానెస్ 1950 దశకంలో చుట్టుపక్కల పల్లెల జనానికి చర్మపరీక్ష, ఎక్స్‌రే, తెమడ పరీక్ష జరిపించి, ఆసుపత్రి గడప తొక్కని రోగులను కూడా లెక్కలోకి తెచ్చారు.

1955–58 మధ్య భారత వైద్య పరిశోధన మండలి జరిపిన జాతీయ సర్వేకు హైదరాబాదు, మదనపల్లె కూడా కేంద్రాలయ్యాయి. ఆ సర్వేలో ఎక్స్‌రేను బట్టి క్షయ ఉన్నట్టు తేలినవారు వెయ్యికి 13 నుంచి 25 మంది దాకా ఉండగా, తెమడలో క్రిమి దొరికినవారు 2 నుంచి 8 మంది మాత్రమే. ఈ తేడా అంతా పొరపాటు కాదు. క్రిమి కనిపించకుండానే క్షయ ఉండవచ్చు. అయితే మానిపోయిన పాత మచ్చ, న్యుమోనియా, రాతిధూళి వల్ల వచ్చే జబ్బు కూడా ఎక్స్‌రేలో క్షయలాగే కనిపిస్తాయి. ఒకే ఫిల్మును ఇద్దరు వైద్యులు రెండు విధాలుగా చదవడమూ ఉంది.

అందువల్లనే 1962లో మొదలైన జాతీయ క్షయ కార్యక్రమం తెమడ పరీక్షకు పెద్దపీట వేసింది. గాజుపలకపై పలచగా పూసి ఆరబెట్టిన తెమడకు కార్బోల్ ఫుక్సిన్ అనే ఎర్రరంగు పట్టించి, వేడిచేసి, ఆమ్లంతో కడిగి, నీలిరంగు వేస్తే, క్షయక్రిములు మాత్రం ఎర్రగా మిగులుతాయి. క్రిమి లేదని రాయడానికి ముందు టెక్నీషియన్ సూక్ష్మదర్శినిలో కనీసం వంద చోట్ల చూడాలి. పని ఒత్తిడిలో పది చోట్ల చూసి ‘నెగటివ్’ అని రాస్తే ఆ తప్పు జిల్లా లెక్క దాకా పాకుతుంది. పాత స్లైడ్లను, మొదటి ఫలితం చెప్పకుండా, మరొకరిచేత చదివించే పద్ధతి ఏర్పడింది ఇందుకే.

2012 మే 7న కేంద్రం ప్రైవేటు వైద్యులు కూడా క్షయరోగుల వివరాలు ప్రభుత్వానికి తెలపాలని ఆదేశించింది. తప్పుడు ఫలితాలిస్తూ విరివిగా అమ్ముడైన క్షయ రక్తపరీక్షలను ఆ జూన్‌లోనే నిషేధించింది. వేలమంది చేత అనవసరంగా మందులు మింగించగల పరీక్షలను ఆపిన ఈ నిర్ణయం మొదటిదానికంటే తక్కువది కాదు. తెమడలో క్రిమి జన్యుపదార్థాన్ని వెతికే సీబీనాట్ యంత్రాలు వచ్చాక సుమారు రెండు గంటల్లోనే క్రిమి ఉనికి, రిఫాంపిసిన్ మందుకు అది లొంగుతుందో లేదో కూడా తెలుస్తోంది.

సున్నపురాయి గనులు, సిమెంటు కర్మాగారాలు ఉన్న ముక్త్యాల, జగ్గయ్యపేట సీమలో దుమ్ములో పనిచేసి దగ్గుతో వచ్చిన కూలీకి ఎక్స్‌రే ఒక్కటే చూసి టీబీ అని రాయడం ఎంతమాత్రం తగదు. నందిగామ వైపు రోగులు విజయవాడకే కాక, సరిహద్దు దాటి కోదాడ, ఖమ్మం ఆసుపత్రులకూ వెళ్తారు కనుక, ఒకే మనిషి రెండు రాష్ట్రాల లెక్కల్లో పడకుండా చూడాలి. 2022 ఏప్రిల్‌లో ఈ ప్రాంతం కృష్ణా జిల్లా నుంచి ఎన్టీఆర్ జిల్లాలోకి మారింది కాబట్టి పాత, కొత్త అంకెలను నేరుగా పోల్చడమూ కుదరదు. జిల్లా క్షయ అధికారులు ప్రకటించే ప్రతి మొత్తం పక్కనా, క్రిమి దొరికి నిర్ధారణ అయినవారెందరో, ఎక్స్‌రే, లక్షణాలను బట్టి నమోదైనవారెందరో విడివిడిగా చూపాలి.