కొల్లేటి పక్షుల పుట్టిల్లు

బుడమేరు తమ్మిలేరుల నీటిని కడుపున నింపుకొని, మిగిలినదానిని ఉప్పుటేటి గుండ సముద్రమున కర్పించు కొల్లేటి పరిసరముల, ఊరి చెట్లపై సంసారము చేసిన గూడబాతుల కథను గ్రంథస్థము చేసినవాడు తెలుగువాడు కాడు. 1946లో పశ్చిమగోదావరి జిల్లా ఆరేడు గ్రామమున ఈ పక్షుల గూళ్ళను కన్నులార చూచి, 1949లో బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘపు పత్రికలో వాటిని సవిస్తరముగ వర్ణించినవాడు కె.కె. నీలకంఠన్. అనంతరకాలమున ‘ఇందుచూడన్’ అను పేర కేరళ పక్షులను గూర్చి మలయాళమున వ్రాసి ప్రసిద్ధి గాంచిన పండితుడితడే. దక్షిణదేశమున గూడబాతులు గూళ్ళు కట్టు తావులను గూర్చి నాటి శాస్త్రజ్ఞులకు తెలిసినది అత్యల్పము. చెట్టు క్రింద కాపురమున్నవారి కది క్రొత్త సంగతి కాదు.

రైతు చేలకు నీరు తోడు గూడను తలపించు సంచి ముక్కు క్రింద వ్రేలాడుచుండగా, పగలెల్ల చెరువులలో చేపలు పట్టి తల్లిపక్షి గూటికి చేరునంతనే, పిల్ల తన తలను ఆ సంచిలోనికి, గొంతువరకును జొనిపి ఆహారమును గ్రహించును. వీటి సరసన గూళ్ళు కట్టు ఎర్రకాళ్ళ కొంగలు పెద్దవైన పిమ్మట కూయనేరక ముక్కులను టకటక తాటించి పలుకరించుకొనును. ఆ రొదను, రెట్టల వాసనను నెలల తరబడి ఊరివారు సహించుట సామాన్యమైన ఔదార్యము కాదు. శ్రీకాకుళము జిల్లా తేలినీలాపురమున ఈ రెండు జాతులును నేటికిని గూళ్ళు కట్టుచున్నవి. అచ్చటివారు వాటిని పురిటికి పుట్టింటికి వచ్చిన ఆడపడుచులుగా భావింతురు. ఇవి సైబీరియానుండి వచ్చునను మాట జనమున పాతుకొని యున్నది గాని, అది సరికాదు. ఇవి మన దేశపు పక్షులే. నీరును చేపలును ఉన్న చోటు వెదకుకొనుచు తిరుగును. పరదేశపు అతిథులని మురిసిపోవుటకంటె, మన బిడ్డలే యని ఎరుగుటలో బాధ్యత అధికము.

ఆరేడు ప్రాంతపు ఆ వైభవము నిలువలేదు. చెట్లు పడిపోయినవి, పిమ్మట కొల్లేటి గర్భమునే గట్లు కట్టి చేపల చెరువులు ఆక్రమించినవి. 1999లో కొల్లేరు 308 చదరపు కిలోమీటర్ల మేర అభయారణ్యముగ ప్రకటింపబడినను, 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యముగల చిత్తడినేలల రామ్‌సర్ జాబితా కెక్కినను, ఆ గట్లను తెగగొట్టుటకు 2006 వరకు ఆగవలసివచ్చెను. నేడు కైకలూరు చెంత ఆటపాకలో, చెట్లు చాలమి అటవీశాఖవారు నీటి నడుమ నిలిపిన ఇనుప మంచెలపై గూడబాతులు పుల్లలు పేర్చి పిల్లలను లేపుచున్నవి. ఆ మంచెలు నిలిపినవారికి నమస్కారము. కాని, ఇనుము చిగురింపదు.

కొల్లేటి చుట్టుప్రక్కల చెట్టు నరుకబూనువారు, గొడ్డలి యెత్తుటకు ముందు ఒక్కమారు తలయెత్తి దాని కొమ్మలను చూడవలెనని నా ప్రార్థన.