గారపళ్ళ వెనక నీరు

గుక్కెడు నీళ్ళు తాగితే ఉప్పు తెలుస్తుంది, తుప్పు తెలుస్తుంది. ఫ్లోరైడ్ మాత్రం తెలియదు. అందుకే దాని చరిత్ర నీటిలో కాక మనుషుల ఎముకల్లో, పళ్ళలో మొదలైంది. 1901లో కొలరాడో స్ప్రింగ్స్‌లో వైద్యం మొదలుపెట్టిన దంతవైద్యుడు ఫ్రెడరిక్ మెకే అక్కడివాళ్ళ పళ్ళమీది గోధుమరంగు గారలు చూసి, కొన్నేళ్ళకు తాగేనీటిని అనుమానించాడు. మామూలు పరీక్షల్లో ఏమీ తేలలేదు. చివరికి 1931లో, అల్యూమినియం కంపెనీ రసాయనవేత్త చర్చిల్ ఆర్కన్సాలోని బాక్సైట్ అనే ఊరి నీటిని స్పెక్ట్రోగ్రాఫ్‌తో పరీక్షింపజేశాక ఫ్లోరైడ్ దొరికింది. పదార్థం వెదజల్లే కాంతిని విడదీసి చూపించే యంత్రమది. అన్నాళ్ళూ వైద్యుల పరిశీలనకు లోటు లేదు. నీటిలోకి తొంగిచూసే సాధనమే లేదు. ఆరేళ్ళు తిరిగేసరికి, 1937లో, నెల్లూరు జిల్లా పల్లెల్లో నడుము బిగుసుకుపోయినవాళ్ళ బాధకు ఫ్లోరైడే మూలమని పరిశోధకుడు షార్ట్ బృందం ప్రకటించింది. ఆ వేగానికి ముందటి రుజువే దారి వేసిందని నా నమ్మకం.

కనిపెట్టినంత మాత్రాన ఒరిగిందేమిటని ఫ్లోరైడ్ బాధిత నల్గొండ జిల్లా అడగవచ్చు. రోగం పేరు తెలిశాక కూడా దశాబ్దాల తరబడి అక్కడి నడుములు వంగుతూనే వచ్చాయి. ఈ ప్రశ్నను తేలిగ్గా తీసుకోలేం. అయితే జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) 1970ల్లో ఆ జిల్లా పేరుతోనే రూపొందించిన పద్ధతిని చూడండి: నీళ్ళలో పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి తేర్చాలి. పటిక ఎంత వేయాలో నీటిలోని ఫ్లోరైడ్‌ను, క్షారతను బట్టి ఉంటుంది. కొలత లేకపోతే మందుకు మోతాదే లేదు. పైగా పక్కపక్క బావుల్లో కూడా ఫ్లోరైడ్ ఒకేలా ఉండదు.

కొలవడానికి 1966 నుంచే లాంథనమ్ ఫ్లోరైడ్ ఎలక్ట్రోడ్ ఉందిగదా అనేది మరో అభ్యంతరం. ఉంది, నమ్మదగినదే. కానీ ప్రామాణిక ద్రావణాలతో సరిచూసుకుంటూ వాడాల్సిన పరికరమది. ఊరి బావిగట్టు మీద ఆ నేర్పున్నవాళ్ళు దొరకడం కష్టం. కంటికి కనిపించే వెలుగుతో జవాబు చెప్పే పదార్థం అవసరమైంది ఇక్కడే. లోహ అయాన్లను కర్బన అణువులతో గొలుసులుగా, వలలుగా అల్లిన కోఆర్డినేషన్ పాలిమర్లు ఆ ఆశ కల్పించాయి. 2008లో రసాయనవేత్త బాంగ్లిన్ చెన్ బృందం టెర్బియం అనే లోహంతో అల్లిన వల ఫ్లోరైడ్ తగలగానే మరింత ఆకుపచ్చగా వెలిగింది. వలలో చిక్కిన మిథనాల్‌లోని ఆక్సిజన్-హైడ్రోజన్ బంధాల కంపనాలు టెర్బియం కాంతిని హరిస్తాయి. ఫ్లోరైడ్ వాటిని పట్టి నిలిపి ఆ నష్టాన్ని తగ్గిస్తుంది. చిక్కేమిటంటే, ఆ ప్రయోగం జరిగింది మిథనాల్‌లో. బావినీటి నిండా అవే బంధాలు, అవే కంపనాలు. నీళ్ళలో విచ్చిపోకుండా, వెలుగు కోల్పోకుండా నిలిచే వలల కోసం వెతుకులాట అక్కడి నుంచే సాగింది.