షవ్వాలు మాసము: నిర్వచనము, ఆచారము, కాలగణనము

ఆసిఫాబాదు పట్టణమునను, పెద్దవాగు పరిసర గ్రామములందును, రమజాను ఉపవాసములు ముగిసిన పిదప వచ్చు పర్వమును జనులు రంజాన్ పండుగ యనియే వ్యవహరింతురు. విచారింపగా ఆ పండుగ రమజాను మాసమునకు చెందినది కాదు. హిజ్రీ గణనమున దినము సూర్యాస్తమయముతో ఆరంభమగును గావున, నెలవంక కన్పట్టిన సాయంకాలముననే రమజాను గతించి షవ్వాలు ప్రవేశించును. మరునాటి పర్వము షవ్వాలునకు ప్రథమదినము. లోకవ్యవహారము ఆ దినమును వెనుకటి మాసమున కిచ్చివేయుటచేత షవ్వాలు పేరు తెలుగువారి నోట అరుదుగా వినబడును. ఆ మాసమునకు గల విశేషములు మాత్రము అల్పములు గావు.

అరబ్బీ భాషయందు "షాల" యనగా పైకెత్తుట. చూలు నిలిచిన ఆడు ఒంటె మగదానిని దరిజేరనీయక తోక నెత్తుననియు, అట్టి కాలమున వచ్చిన మాసమగుటచే షవ్వాలైనదనియు నైఘంటికులు చెప్పుదురు. ఒంటెలకు పాలు తగ్గు కాలమని వ్యాఖ్యానించువారును కలరు. ఇట్టి నిర్వచనమునుండియే ఒక భయము పుట్టినది. ఈ మాసమున పెండ్లియాడిన స్త్రీ భర్తకు విముఖురాలగునని ఇస్లామునకు పూర్వపు అరబ్బులు శంకించి వివాహములు మానిరి. తెలుగునాట ఆషాఢమున పెండ్లిండ్లు చేయకుండుట, క్రొత్తకోడలిని పుట్టినింటికి పంపుట ఇచట స్మరింపదగినవి; అయితే ఆ ఆచారము మాసనామముపై నిలిచినది కాదు.

మహమ్మదు ప్రవక్త ఆయిషాను వివాహమాడినదియు, ఆమెను గృహమునకు గొనివచ్చినదియు షవ్వాలుననే. తనకంటె భాగ్యవతి ఎవరని ఆమె అడిగినట్లును, తన వారి కన్యలను ఈ మాసముననే అత్తవారింటికి పంప నిచ్చగించినట్లును ముస్లిం సంకలనము చేసిన హదీసు గ్రంథమున గలదు. యోగముకంటె రూఢి బలీయమని శాస్త్రజ్ఞులు పదార్థవిషయమున నిర్ణయించిరి. ఇచట ఒక గృహిణి జీవితము ఆ నిర్ణయమునే ఆచారవిషయమున చేసినది. శబ్దవ్యుత్పత్తిని బట్టి శుభాశుభములు నిర్ణయింప బూనువారికి ఇంతకంటె చక్కని సమాధానము దొరకదు.

పండుగనాడు ఉపవాసము నిషిద్ధము. నమాజునకు ముందే ఫిత్రా దానము పేదలకు చేరవలెను. పిదప షవ్వాలులో ఆరు దినము లుపవసించినవాడు సంవత్సరమంతయు నుపవసించినవానితో సమానుడని అబూ అయ్యూబు చెప్పిన హదీసు. దీనికి గణితము సులభము: పుణ్యమునకు పదిరెట్లు ఫలమను న్యాయమున ముప్పది దినములకు 300, ఆరింటికి 60, మొత్తము 360. జ్యోతిషమున సావనసంవత్సరమును సరిగా 360 దినములే యగుట యాదృచ్ఛికమైనను గమనింపదగినది. ఈ ఆరింటిని హనఫీలు పెక్కురు ప్రశస్తములనిరి. 795లో మరణించిన మదీనాచార్యుడు మాలికు మాత్రము సమ్మతింపలేదు. అజ్ఞులు రమజానున లేనిదానిని రమజానుతో కలిపివేయుదురని ఆయన భయము. పండుగనే రమజానునకు చేర్చిన తెలుగు వ్యవహారమును చూడగా ఆ భయము నిర్మూలము కాదని తోచును.

హజ్జునకు నియతములైన మాసములలో షవ్వాలు మొదటిది. జుల్‌ఖాదా, జుల్‌హజ్ దాని ననుసరించును. హిజ్రీ 3వ యేట (625) ఉహుదు యుద్ధము, 8వ యేట (630) హునైను యుద్ధము ఈ మాసముననే జరిగినవి.

ఇక కాలగణనము. షవ్వాలు నెలవంకయు, పంచాంగమున శుక్లపక్షారంభమున చూడబడు నెలవంకయు ఒక్కటియే. అయినను రెండు లెక్కలు విడిపోవుచున్నవి. 2023లో పండుగ ఏప్రిల్ 22న, వైశాఖమున, అక్షయతృతీయనాడే పడినది. ఆ యేట అధికశ్రావణము వచ్చుటచే మరుసటి షవ్వాలు చైత్రమునకు జరిగి, 2024లో ఉగాది ఏప్రిల్ 9న, ఈదు 11న వచ్చినవి. 2025 మార్చి 30న, ఉగాదినాటి సాయంకాలము చూడబడిన వంకయే మరునాటి ఈదునకు ఆధారము. అధికమాసమును ఖురాను నిషేధించినదని పలువురి వ్యాఖ్యానము. "నసీ" యనబడు ఆ పద్ధతి కేవలము మాసములను వాయిదావేయుట యని కొందరి మతము. ఏదియైనను, హిజ్రీ సంవత్సరము సౌరసంవత్సరముకంటె సుమారు 11 దినములు తక్కువయగుటచే షవ్వాలు ఇంచుమించు 33 యేండ్లకు ఋతువులన్నిటిని చుట్టివచ్చును. ఒంటెల కాలమును చెప్పిన పేరు నేడే కాలమును చెప్పదు.

ఇట్లు చరించు మాసములతో పంటశిస్తు వసూలు చేయుట దుష్కరము. అందుచేతనే ఆసఫ్‌జాహీల పేరు నిలుపుకొన్న ఆసిఫాబాదున సైతము నిజాముల కాలపు రెవెన్యూ వ్యవహారము ఫసలీ సంవత్సరమున నడచినది. అక్టోబరులో ఆరంభమై, ఆజూరు మొదలు ఆబాను వరకు పారసీక సౌరమాసనామములు గల ఆ లెక్కలో షవ్వాలునకు స్థానము లేదు. పరిసరారణ్యములందలి గోండుల గణనము చాంద్రమైనను ఋతుబద్ధము: కేస్లాపూరున నాగోబా జాతర పుష్య అమావాస్యనాడు ఆరంభమగును, 1940లో జోడేఘాట్‌న హతుడైన కొమరం భీము వర్ధంతి ఆశ్వయుజ పూర్ణిమనాడు జరుగును. ఈ రెండును ప్రతియేట తమ ఋతువులందే వచ్చును. షవ్వాలున కట్టి నియమము లేదు. 2026లో అధికజ్యేష్ఠము పడుటచే 2027లో అది ఫాల్గునమునకు జరుగును.