చట్టం లెక్కలోకి రాని మగవాళ్లు

1956లో వచ్చిన స్త్రీలు, బాలికల అనైతిక వ్యాపార అణచివేత చట్టం పడుపువృత్తిని ఆడవాళ్ల పనిగానే నిర్వచించింది. అదే పనిలో ఉన్న మగవాడికి మిగిలింది 1860 నాటి శిక్షాస్మృతిలో మగవాళ్ల మధ్య సంపర్కాన్ని ప్రకృతి విరుద్ధమంటూ శిక్షించిన 377వ సెక్షన్. దాని దృష్టిలో అతను నేరస్తుడు, అంతే. 1986 సవరణతో గానీ 1956 చట్టంలో స్త్రీల స్థానంలో ‘వ్యక్తులు’ రాలేదు. ఆ ఏడాదే చెన్నైలో సునీతి సోలమన్, సెల్లప్పన్ నిర్మల దేశంలో తొలి హెచ్‌ఐవీ కేసులను గుర్తించారు. ఆ రక్త నమూనాలు సెక్స్ వర్కర్లైన స్త్రీలవి. తర్వాత చాలా ఏళ్లు నివారణ ప్రచారం ఎక్కువగా వాళ్ల చుట్టూ, లారీ డ్రైవర్ల చుట్టూ తిరిగింది. మగ సెక్స్ వర్కర్లు గోడమీది పోస్టర్లలో కూడా కనిపించలేదు.

అసలు చిక్కు మగతనం గురించిన నమ్మకాల్లో ఉంది. హైదరాబాద్‌తో సహా అనేక నగరాల్లో, ఆడతనం కనబరుస్తూ సంపర్కంలో స్వీకరించే పాత్రలో ఉండేవారు తమను కోథీలమని చెప్పుకుంటారు. వాళ్ల దగ్గరికొచ్చే మగవాణ్ని పంథీ అంటారు. అతను మాత్రం తనకా పేరు పెట్టుకోడు. తన లెక్కలో తాను మామూలు మగవాడు, తరచు పెళ్లాం పిల్లలున్నవాడు. హెచ్చరికలేవీ తనకోసం కావనుకుంటాడు. కండోమ్ తీస్తే “నన్నే అనుమానిస్తావా” అని గిరాకీ లేచి వెళ్లిపోతాడన్న భయం కోథీది. మాలిష్ పేరుతో పనిచేసే కుర్రాళ్లలో కొందరు డబ్బుకోసమే తప్ప తమకు మగవాళ్లపై కోరికే లేదంటారు. అలాంటివాడు హెచ్‌ఐవీ పరీక్షకు వెళ్లడమంటే దాచుకున్నదంతా ఒప్పుకోవడమే. కోథీల్లోనూ పెళ్లైనవాళ్లు తక్కువేం కాదు. అందువల్ల ప్రమాదం ఇంట్లో ఏమీ తెలియని భార్యదాకా వెళ్లింది.

శరీరం ఈ నమ్మకాలను పట్టించుకోదు. అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం అంచనా ప్రకారం, హెచ్‌ఐవీ ఉన్న వ్యక్తితో రక్షణ లేకుండా, చికిత్స లేకుండా జరిగే ఆసన సంపర్కంలో స్వీకరించే వ్యక్తికి 10,000 సార్లలో సుమారు 138 సార్లు వైరస్ సోకవచ్చు, చొప్పించే వ్యక్తికి 11 సార్లు. అంటే మగవాణ్నన్న ధీమాతో ఉన్నవాడికీ మినహాయింపు లేదు. ఆసనంలో సహజమైన తడి ఉండదు కాబట్టి కండోమ్‌తోపాటు నీటి ఆధారిత జెల్ కావాలి. చేతికందిన కొబ్బరినూనె రాస్తే కండోమ్ లేటెక్స్ చిరిగిపోవచ్చు. ఇంత చిన్న విషయం చెప్పేవాళ్లు లేకపోవడమే ఎందరి ప్రాణాలకో ముప్పు తెచ్చింది.

చెప్పబోయినవాళ్లకు పోలీసులు అడ్డుపడ్డారు. 2001 జులైలో లక్నోలో కండోమ్‌లు పంచే కార్యకర్తలను 377 కింద అరెస్టు చేసి 47 రోజులు జైల్లో ఉంచారు. 2003లో గేట్స్ ఫౌండేషన్ ఆరు రాష్ట్రాల్లో మొదలుపెట్టిన ‘ఆవాహన్’ పథకంలో ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. అందులో ఈ వృత్తిలోనివాళ్లే తోటివాళ్ల దగ్గరికెళ్లి కండోమ్‌లు, సుఖరోగాల చికిత్స గురించి చెప్పారు. తోటివాడి నోటివెంట విన్న మాటకు విలువ వేరు. 377 వల్ల ఈ పని కుంటుపడుతోందని జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థే ఢిల్లీ హైకోర్టుకు చెప్పింది. కేంద్ర హోంశాఖ అదే కోర్టులో ఆ సెక్షన్‌ను సమర్థించింది.

2009లో ఢిల్లీ హైకోర్టు ఇచ్చిన ఊరటను 2013లో సుప్రీంకోర్టు తీసేసింది. 2018 సెప్టెంబర్ 6న పరస్పర అంగీకారం ఉన్న వయోజనుల సంబంధం నేరం కాదని తేల్చింది. పాత శిక్షాస్మృతి స్థానంలో 2024 జులై 1 నుంచి అమల్లోకొచ్చిన భారతీయ న్యాయ సంహితలో 377 పూర్తిగా లేదు. దాంతో అంగీకారం లేకుండా వయోజన పురుషుడిపై జరిగే లైంగిక దాడికి వర్తించే భాగం కూడా పోయింది. గిరాకీ బలవంతం చేశాడని స్టేషన్‌కు వెళ్లే మగ సెక్స్ వర్కర్‌కు అత్యాచారం కేసు పెట్టే సెక్షన్ లేదు.